కిందికి దిగిన కోట

ఒక పెద్ద అడవిలో, సింహరాజుగారి కొలువులో, వినోదశాఖ కార్యదర్శి కుర్చీ ఖాళీ అయింది. నీడపట్టున ఉండే కుర్చీ. వేటకు పోనక్కర్లేదు, భోజనం గుహకే వస్తుంది. దానిమీద లౌక్యనాథం అనే నక్క కన్ను పడింది. ఆ కుర్చీ కోసం గడ్డి కరవమన్నా కరిచేవాడు, నక్కై ఉండి కూడా.

కుర్చీ దక్కాలంటే రాజుగారి మెప్పు పొందాలి. బాగా ఆలోచించి, శని ఆదివారాల్లో కొండమీది పాతకోటకు సామూహిక సాహసయాత్ర అని చాటింపు వేయించాడు. ఆ కోట ఎవరు కట్టారో లౌక్యనాథానికి తెలియదు. ఎప్పుడూ ఎక్కిందీ లేదు. యాత్ర నడిపించేవాడికి దారి తెలియాలని ఎక్కడుంది? నినాదాలు వస్తే చాలు.

ముఖ్య అతిథి రాజుగారే. శనివారం కొండ కింద పూలదండలు, స్వాగతోపన్యాసం, వందన సమర్పణ అయ్యేసరికి ఎండ నెత్తికెక్కింది. అప్పుడు బయల్దేరారు. రాజుగారు ముందు, తక్కినవాళ్ళు వెనక. ఆయన్ని దాటి ఎవరూ అడుగు వెయ్యకూడదన్నది కొలువు మర్యాద.

చిక్కల్లా ఆ మర్యాదతోనే వచ్చింది. తిని కూర్చునే ఒళ్ళు కదా, రాజుగారికి నాలుగు మెట్లకే ఆయాసం వచ్చి ఆగిపోయారు. వెనక ఇరుకు దారిలో జంతువులన్నీ ఒకరి తోక ఒకరు తొక్కుకుంటూ నిలబడ్డాయి.

"ఏమయ్యా లౌక్యం, ఇక్కడెందుకు ఆగాం?" అన్నారు రాజుగారు, తనే ఆగి.

"పూర్వం మహారాజులు శత్రువుల జాడ కనిపెట్టింది ఈ మెట్టు మీంచే ప్రభూ. తమకు పూర్వజన్మ వాసన తగిలి కాళ్ళు వాటంతటవే ఆగాయి."

రాజుగారు మీసం సవరించుకున్నారు. ఇంకో నాలుగు మెట్లకు మళ్ళీ ఆగారు. అక్కడ మహారాణిగారు జడ వేసుకునేవారట. ఆ పైన సేనాపతి వ్యాయామశాల. రాజుగారికి రొప్పు వచ్చినచోటల్లా ఒక చరిత్ర పుట్టుకొచ్చింది. చివరికి ఆయన ఒక పెద్ద బండమీద చతికిలబడి, ఇక లేవలేదు.

లౌక్యనాథం చప్పున లెక్క వేసుకున్నాడు. రాజు ఎక్కలేకపోయాడన్న మాట అడవిలో పొక్కితే కుర్చీ సంగతి దేవుడెరుగు, తోక కూడా దక్కదు.

"చేరుకున్నాం ప్రభూ. ఇదే కోట," అన్నాడు గట్టిగా.

"మరి గోడలేవీ?" అన్నాడు పులిహోర మూట మోస్తున్న ఎలుగుబంటి.

"కోటంటే గోడలా బావా? ప్రభువు కూర్చున్నదే కోట."

"అంతే మరి, అంతే మరి," అంటూ ఎలుగుబంటి మూట విప్పాడు. బరువు దింపుకోవచ్చంటే అతనికి ఏ కోటైనా ఒకటే.

రాజుగారు సంతోషించి అక్కడికక్కడే లౌక్యనాథానికి కార్యదర్శి పదవి ప్రకటించారు.

పులిహోర సగంలో ఉండగా పైనుంచి తాయారమ్మ అనే ముసలి మేక దిగివచ్చింది. ఆమె కాపురం ఆ కోటలోనే.

"పొద్దుటినుంచీ కళ్ళాపి జల్లి ఎదురుచూస్తున్నా దొరా. ఇక్కడ ఆగిపోయారేం? కోట పైన కదా ఉంది. అదుగో, బురుజు."

అందరూ తలెత్తి చూసి, వెంటనే దించుకున్నారు. రాజుగారి మొహం మాడిపోయింది.

"అది నకిలీ కోట ప్రభూ," అన్నాడు లౌక్యనాథం. "మన కోట రాళ్ళు దొంగిలించి ఎవరో పైన కట్టుకున్నారు."

రాజుగారు చాలాసేపు ఆలోచించారు. ఆయనకది అలవాటులేని పని.

"దొంగసొత్తన్నమాట. అయితే ఆ రాళ్ళన్నీ దింపి, మన కోట ఇక్కడ మళ్ళీ కట్టించు. నీ శాఖే కదా. మనుషుల్లా పనివాళ్ళను పెట్టకు, నువ్వే మొయ్యి, పేరు నీకే రావాలి."

"ప్రభూ, అంత ఎత్తు..."

"ఎత్తేముందయ్యా? ఇప్పుడేగా ఎక్కాం."

అబద్ధమని ఒప్పుకుంటే తోక పోతుంది, ఒప్పుకోకపోతే నడుం పోతుంది. నడుం పోయినా తోక దక్కితే చాలనుకున్నాడు లౌక్యనాథం.

కార్యదర్శిగారికి కుర్చీలో కూర్చునే తీరిక ఈనాటికీ దొరకలేదు. వీపున రాయితో మెట్లు దిగుతూ కనిపిస్తారు. పాపం, తాయారమ్మే దారిలో ఇన్ని మంచినీళ్ళు పోసి, "నెమ్మది నాయనా, ఇంకా బురుజుంది," అని ధైర్యం చెబుతుంది.

నీతి: రాజు కొండెక్కలేకపోతే కోటే దిగిరావాలి, దాన్ని మోసే భాగ్యం మాత్రం పొగిడినవాడిదే.