పంపుల ఫంక్షన్‌కు నామకరణం

పని చేయడం ఎవరికైనా వస్తుంది. ఆ పనికి పేరు పెట్టడంలోనే మానవ నాగరికత ఉంది. ఈ సత్యాన్ని నెదర్లాండ్స్‌లో, ఉట్రెక్ట్ నగరంలోని మా నామకరణ సంఘం కాపాడుతోంది. క్లోంప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఏ ఫంక్షన్‌కైనా పేరు పెట్టేది మేమే. సభ్యులందరూ ఒప్పుకుంటే తప్ప ఏదీ ఖాయం కాదు. (ఒప్పుకోకపోతే మళ్లీ కాఫీ తాగుతాం.)

మా సభ్యురాలు వీట్స్కే ఒక ఫంక్షన్ రాసింది. అది వరుసలో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా చూస్తూ, ఏదీ వదలకుండా, చివర ఆగుతుంది. సముద్రమట్టానికి దిగువనున్న వాళ్ల ఊళ్లో, నీళ్లు తోడే పంపులన్నిటినీ అదే పరీక్షించాలి. అది బ్రహ్మాండంగా పనిచేస్తోంది. పేరు లేదు కాబట్టి విడుదల చేయడానికి వీల్లేదు.

"'ప్రతిదీ' అందాం," అంది వీట్స్కే.

"చూసి వదిలేస్తుందా, చూసి మారుస్తుందా, చూసి పట్టుకుపోతుందా? పేరులో తెలియొద్దూ?" అన్నాడు అధ్యక్షుడు హిడ్డే.

"చూసి వదిలేస్తుంది."

"అయితే మార్చేదీ, పట్టుకుపోయేదీ కూడా ఎవరైనా రాసేదాకా ఆగాలి. తోబుట్టువుల పేర్లు ఒకే వరసలో ఉండాలి కదా."

"ఆ తోబుట్టువులు ఇంకా పుట్టనే లేదు, హిడ్డే!"

అప్పుడే మరో సభ్యురాలు మార్లూస్ బిస్కట్ డబ్బాను అందరి ముందూ తిప్పింది. మా దగ్గర కాఫీతో మనిషికి ఒకటే. చివరి మనిషి తీసుకోగానే మూత పడుతుంది. వీట్స్కే ఎగిరి లేచింది.

"ఇదిగో, నా ఫంక్షన్ చేసేది ఇదే! దీనికి పేరు పెట్టాకే పంచారా?"

ఆమె వాదనలో బలముందని అందరం ఒప్పుకున్నాం. పేరు ఖాయమయ్యేవరకు బిస్కట్ల పంపిణీ నిలిపివేయాలని తీర్మానించాం. నాకు వీట్స్కే మీద జాలేసింది, బిస్కట్ల మీద ఇంకాస్త ఎక్కువ.

శరదృతువులో వాన పట్టుకుంది. వీట్స్కే ఫోన్ చేసింది.

"ఏదో ఒక పేరు పెట్టి వదలండి బాబూ! ఒక పంపు ఆగింది, ఏ పంపో తెలీడం లేదు. మా అమ్మ వంటింట్లో మోకాళ్ల దాకా నీళ్లు!"

"తొందరపడి పెట్టిన పేరు కలకాలం ఉండిపోతుంది, వీట్స్కే. వంటిల్లు ఆరుతుంది," అన్నాడు హిడ్డే మృదువుగా.

ఆ మధ్యాహ్నం చర్చ ఆశ్చర్యకరంగా సాఫీగా సాగింది. పేరు: 'చూచి మార్చక పట్టుకుపోక సాగునది'. అభ్యంతరాలున్నాయా అని హిడ్డే అడిగితే ఎవరూ నోరు మెదపలేదు. వీట్స్కే బకెట్లతో నీళ్లు తోడుతున్నందున సభకు రాలేదు. రానివారి మౌనం అంగీకారమే కాబట్టి, ఏకగ్రీవమని రాసుకున్నాం.