గురువారం మూడున్నరకి ఆవిష్కరణ

మానవజాతి ఇంతవరకు కనిపెట్టినవన్నీ వేళాపాళా లేకుండా, పై అధికారి అనుమతి లేకుండా కనిపెట్టినవే. నిప్పు ఏ తేదీన దొరికిందో రికార్డులో లేదు. చక్రం గడువులోపల తయారైందో, గడువు దాటాక తయారైందో చెప్పగల గుమాస్తా ఒక్కడూ బతికి లేడు. ఈ అప్రతిష్ఠను తుడిచిపెట్టే భారం 1974 జనవరిలో మన విశ్వవిద్యాలయం నెత్తికెత్తుకుంది. ఆ చరిత్ర నాకెలా తెలుసంటారా, చోడవరం బస్టాండు దగ్గర టైపు ఇన్‌స్టిట్యూట్ నాది. ఆ పరిశోధన తాలూకు ప్రతి కాగితం నా మిషను మీదే పుట్టింది. ఒక్కొక్కటి ఆరు కాపీలు. (కార్బను మసకబారి ఆరో కాపీ చదవడానికి రాదు. అది ఆ కాగితం ఎవరి గురించో వాళ్లకి ఇస్తారు.)

విశ్వవిద్యాలయంలో పరిశోధనా పురోగతి నియంత్రణ విభాగం అని ఒకటి వెలిసింది. దానికి ప్రత్యేకాధికారి రమణమూర్తి గారు. ఆయన వంతెనలు కట్టే ఇంజనీర్లతో కలిసి ఆరు వారాలు శిక్షణ పొంది వచ్చారు. అక్కడ నేర్పిన విద్య పేరు పెర్ట్ చార్టు. పనిని ముక్కలు చేసి, ముక్కకో సున్నా చుట్టి, సున్నాకీ సున్నాకీ మధ్య బాణం గీసి, ప్రతి సున్నా కింద ఒక తేదీ వేస్తారు. ఏ దారిలో ఒక్కరోజు తేడా వస్తే మొత్తం పని తేడా వస్తుందో, ఆ దారిని ఎర్ర పెన్సిలుతో దిద్దుతారు. వంతెనకి పనికొచ్చింది పురుగుకి ఎందుకు పనికిరాదని ఆయన ప్రశ్న. సమాధానం తెలిసినవాళ్లని ఆ సమావేశానికి పిలవలేదు.

మొదటి చార్టు గణపతిరావు పాలబడింది. కె.కోటపాడు కుర్రాడు, జంతుశాస్త్రంలో డాక్టరేటు కోసం పీక పురుగు మీద పరిశోధన చేస్తున్నాడు. మా వైపు చెరకు పిలకలు లేవగానే ఈ పురుగు మొక్క మొదలులోకి దూరి లోపలి మొవ్వును తినేస్తుంది. ఎండిన మొవ్వు పట్టుకు లాగితే చేతికొచ్చేస్తుంది, కంపు కొడుతుంది. చూస్తుండగా సగం చేను పోతుంది.

చార్టులో నలభై ఆరు సున్నాలు. పన్నెండో సున్నా "నిరాశ, పధ్నాలుగు రోజులు." (పరిశోధనలో నిరాశ సహజం కనుక దానికీ సమయం కేటాయించారు.) ముప్ఫయ్యో సున్నా "ఆలోచన తట్టుట, తొమ్మిది రోజులు." ముప్ఫై ఒకటోది "ఆవిష్కరణ, 18-9-1975, గురువారం, మధ్యాహ్నం 3.30." మూడున్నరే ఎందుకంటే, ప్రత్యేకాధికారి గారి కునుకు మూడింటికి ముగుస్తుంది, టీ నాలుగింటికి వస్తుంది.

పరిశోధనకి పొలం కావాలి. వడ్డాది రోడ్డు పక్కన అచ్చియ్యమ్మకి ఎకరం చెరకు ఉంది. మొగుడు పోయాక ఇల్లు గడిచేది దానిమీదే. విభాగం చెప్పినట్టు సాగు చేస్తానని కాగితం మీద వేలిముద్ర వేసే ముందు ఆవిడ ఒక్కటే అడిగింది.

"పురుక్కి మందు కనిపెడతావు కదేటి బాబూ?"

"కనిపెడతానమ్మా" అన్నాడు గణపతిరావు. ఎప్పుడో చెప్పలేదు. ఆవిడ చేతిలో ఆరో కాపీ పెట్టాడు.

మొదటి ఇబ్బంది పురుగుతోనే వచ్చింది. చార్టు ప్రకారం అది మార్చి ఇరవైన గుడ్లు పెట్టాలి. పదకొండునే పెట్టేసింది. సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. పురుగు తన అదుపులో లేదని గణపతిరావు రాశాడు. "అదుపులో పెట్టుకోవలెను" అని జవాబు. అదుపులో ఉంటే పరిశోధనే అక్కర్లేదని రాయబోతే, నేనే మిషను ఆపి, ఆ వాక్యం కొట్టేయించాను. నాకు టైపు బేరం, అతనికి డిగ్రీ ఉండాలి కదా.

రెండో ఇబ్బంది మరీ పెద్దది. అతను మే నెలలోనే కనిపెట్టేశాడు.

నిజానికి కనిపెట్టింది అతను కాదు. చెరకు నరికాక మిగిలిన ఎండాకుని మా వైపు చేలోనే తగలబెడతారు. అచ్చియ్యమ్మ చేనుకి ఒక పక్క తవిటయ్య గడ్డికుప్ప ఉంది. "ఒసే అచ్చియ్యా, అగ్గెట్టేవంటే నా కుప్ప పోద్ది, నా కుప్పతో నువ్వూ పోతావు" అని అతను ముందే చెప్పి ఉంచాడు. అందుచేత ఆవిడ ఆ పక్క సగంలో ఆకు తగలబెట్టకుండా ఎత్తి ఉంచి, చెరకు నాటాక చాళ్ల మధ్య పరిచేసింది. రెండు నెలలు పోయాక ఒకనాడు గణపతిరావు చెయ్యి పట్టుకు తీసుకెళ్లి చూపించింది.

"ఆకు కప్పిన కాడ మొవ్వు సావలేదు బాబూ. కప్పని కాడ సూడు, పేనం పోయినట్టున్నాది."

అతను రెండు పక్కలా లెక్క కట్టాడు. కప్పని చోట నూటికి ముప్ఫై ఒకటి చచ్చాయి. కప్పిన చోట ఆరు. ఆ సాయంత్రం నా దగ్గరికి వచ్చి, కూర్చోకుండా నిలబడే విభాగానికి ఉత్తరం చెప్పాడు. అంత సంతోషంగా ఎవరూ నా చేత కాగితం టైపు చేయించలేదు.

పది రోజుల్లో మెమో వచ్చింది. ఆవిష్కరణ గడువుకు పదహారు నెలల ముందుగా జరిగినందున అది ఆవిష్కరణ కాదనీ, క్రమశిక్షణారాహిత్యమనీ; అభ్యర్థి పన్నెండో సున్నా తాకకుండా, అనగా నిరాశ చెందకుండా, ముప్ఫై ఒకటికి చేరుట ఆక్షేపణీయమనీ; సదరు అచ్చియ్యమ్మ చూసిన విషయం చూడనట్టుగా రద్దు చేయడమైనదనీ; వచ్చే ఏడు ఎకరం మొత్తం ఆకు కప్పకుండా ఉంచి, పురుగు ఉధృతిని నూటికి ముప్ఫై ఒకటిగా పరిశీలించవలెననీ దాని సారాంశం. లేనిచో ఫెలోషిప్పు నిలిపివేయబడును.

ఆ మెమో చదివాక గణపతిరావు నిరాశ చెందాడు. పధ్నాలుగు రోజులే కేటాయించారు గాని, అతనికి ఎక్కువే పట్టింది.

మరుసటి ఫిబ్రవరిలో మళ్లీ నాటారు. ఆకు కప్పకూడదన్న సంగతి చెప్పడానికి అతనికి నోరు రాలేదు. చివరికి నేనే చెప్పాను. అచ్చియ్యమ్మ కోప్పడలేదు. ఆలోచించింది.

"ఆ ఆఫీసరు ఏ రోజు వస్తాడో?"

"ప్రతి నెలా మూడో సోమవారం. చార్టులో ఉంది."

"రోజు రాసీసి ఉన్నాక బయమేటి మేస్టారూ? ఆదివారం ఆకు తీసీడం, మంగలారం పరిసీడం."

"మరి చచ్చిన మొవ్వులు?"

"దేవరాపల్లిలో మా అప్ప సేనుకి బోలెడున్నాయి."

అలా, శాస్త్రచరిత్రలో మొదటిసారిగా, పురుగు పట్టిన మొవ్వులు బస్సు టాపు మీద గోనెసంచిలో ప్రయాణం చేశాయి. వాళ్ల అక్క నరసమ్మ ఎందుకని అడగకుండానే కోసి పంపింది. వాటిని అచ్చియ్యమ్మ చేలో నూటికి ముప్ఫై ఒకటి చొప్పున గుచ్చారు. ఏప్రిల్లో రమణమూర్తి గారు వచ్చి, గట్టు మీద నిలబడి లెక్కపెట్టించారు.

"చార్టులో ముప్ఫై ఒకటి, చేలో ముప్ఫై ఒకటి. చూశావటయ్యా గణపతిరావూ, పురుగు కూడా దారికొచ్చింది."

మేలో రెండో సంచీ వచ్చింది, తనిఖీ అయింది. ఆ మర్నాడు గణపతిరావు నా దగ్గర నివేదిక చెబుతుంటే అచ్చియ్యమ్మ వచ్చి గుమ్మంలో కూర్చుంది.

"మా అప్ప సేను సగం పోయినాది బాబూ. ఆకు కప్పమని సెప్పకండా, దాని సేలో సచ్చిన మొవ్వులు బస్సుల మీద తెప్పించుకుంతన్నాను. తిండి దిగట్లేదు. సెప్పీమంటావా?"

చెబితే వచ్చే నెలకి మొవ్వులుండవు. మొవ్వులు లేకపోతే తనిఖీ తప్పుతుంది, ఫెలోషిప్పు పోతుంది, మూడేళ్ల చదువు, దాని వెనక రావలసిన లెక్చరరు ఉద్యోగం అన్నీ పోతాయి. గణపతిరావు కిటికీలోంచి తొంగి, దేవరాపల్లి బస్సు ఇంకా కదల్లేదని చూసుకున్నాడు.

"చెప్పీమ్మా. ఇవాళే వెళ్లి చెప్పీ."

ఆ కుర్రాడి మీద నాకు అప్పుడు కలిగిన ముద్దు ఇంతా అంతా కాదు. ఆ పేజీలో రెండు తప్పులు పడ్డాయి.

జూన్లో ఆకు తియ్యలేదు. ఉన్నదున్నట్టు చెప్పేద్దామని గణపతిరావు తెగించి నిలబడ్డాడు. ఆ రోజు వాన. రమణమూర్తి గారు జీపు దిగలేదు. ఒళ్లో చార్టు పరుచుకుని, ముప్ఫై ఒకటి అని వేసి, సంతకం పెట్టారు.

"చేను చూడరా సార్?"

"చూస్తే అంకె మారుతుందయ్యా. అంకె మారితే బాణాలన్నీ మళ్లీ గియ్యాలి."

(రెండు గోనెసంచుల మొవ్వులు వృథా అని అప్పుడు తెలిసింది.)

సెప్టెంబరు పద్దెనిమిదిన చేలో బల్ల వేశారు, దండ తెచ్చారు. చెరకు అప్పటికి ప్రత్యేకాధికారి గారిని మించి ఎదిగింది. గణపతిరావు మాట మొదలుపెట్టగానే ఆయన గడియారం చూసి చెయ్యెత్తారు. ఇంకా ఆరు నిమిషాలుంది. ఆరు నిమిషాలూ ఊరంతా, తవిటయ్యతో సహా, నోరు మూసుకుని నిలబడింది. మూడున్నరకి గణపతిరావు, ఎండాకు కప్పితే పీక పురుగు తగ్గుతుందని కనిపెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. టీ వచ్చింది.

అతనికి డాక్టరేటు వచ్చింది, లెక్చరరు ఉద్యోగమూ వచ్చింది. నాకు సంతోషమే. కథ ఇక్కడ ఆగి ఉంటే బాగుండేది. కాని చార్టుకి రెండో దశ ఉంది, "ఆవిష్కరణను రైతుకు తెలియజేయుట, అయిదేళ్లు." అందులో మొదటి సున్నా "విషయం ఎరగని రైతును గుర్తించుట."

అక్కడ విభాగం చిక్కున పడింది. నరసమ్మ నోటి చలవ వల్ల దేవరాపల్లి నుంచి వడ్డాది దాకా ఈ సంగతి తెలియని రైతు లేడు. మూడు నెలలు వెతికారు. చివరికి ఫైలులో పాత మెమో దొరికింది. అచ్చియ్యమ్మ చూసిన విషయం చూడనట్టుగా రద్దయింది కదా. అంటే ఆ విషయం తనకు తెలియదని కాగితంపూర్వకంగా రుజువున్న రైతు జిల్లా మొత్తానికి ఆవిడ ఒక్కతే.

ఆవిడ ఒప్పుకోనంది. మొదటి ఒప్పందం ఆఖరి వరసలో "మరియు తదుపరి దశలకు" అని ఉందని రమణమూర్తి గారు చూపించారు. ఉంది. టైపు చేసింది నేనే. ఆవిడ తన ఆరో కాపీ తెచ్చి దీపానికి ఎదురుగా పట్టి చూపించింది, అక్కడ మసక తప్ప ఏమీ లేదు. నాకు తల ఎత్తి ఆవిడ ముఖం చూడ్డానికి ధైర్యం చాల్లేదు.

"నాకెప్పుడు తెలుస్తాదట బాబూ?"

"12-3-1980న. అప్పటిదాకా ఆకు కప్పకూడదు" అన్నారు రమణమూర్తి గారు.

ఇప్పుడు 1977. ప్రతి నెలా మూడో సోమవారానికి ముందు ఆదివారం ఆవిడ ఆకు తీస్తోంది, మంగళవారం పరుస్తోంది. నిన్న టైపు చేసిన నివేదికలో చివరి వాక్యం ఇది: రైతు అచ్చియ్యమ్మకు ఇంతవరకు ఏమియు తెలియదు, పురోగతి సంతృప్తికరముగా ఉన్నది.