చాయ్ ముట్టని పెళ్లికొడుకు

ఆదివారం పది గంటలకు రాజురాలో బయల్దేరాలి, ఊర్జానగర్‌లో అర్చనను చూడాలి, సంబంధం ఖాయం చేసుకుని మధ్యాహ్నానికి పత్తి చేనుకు తిరిగి రావాలి. దత్తు పథకం ఇంతే. బయల్దేరే ముందు అద్దంలో మరోసారి పెదవులు విప్పి చూసుకున్నాడు. నోట్లో వెన్నెల కాసినట్టుంది. అవి తన పళ్లేనంటే అతనికే నమ్మకం కుదరడం లేదు.

ఫోటో చూసిన రోజే దత్తు మనసు అర్చన మీద నిలిచిపోయింది. ఆమె మధ్యవర్తితో ఒకటే మాట చెప్పి పంపింది: ఖర్రా నమిలేవాడు తమ గుమ్మం ఎక్కకూడదు. వక్క, పొగాకు, సున్నం కలిపి నలిపే ఆ ఖర్రాను దత్తు ఏడు నెలల కిందటే మానేశాడు. పన్నెండేళ్ల మరక మాత్రం పళ్లను వదల్లేదు. అందుకే నిన్న చంద్రపూర్ వెళ్లి తెల్లగా చేయించుకున్నాడు. రెండు రోజులు రంగున్నదేదీ నోట్లో పెట్టొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

ఆ మాట ఎంత దూరం వస్తుందో అర్చన ఇంట్లో చాయ్ కప్పు ముందుకొచ్చాక గాని అతనికి తెలియలేదు. వాళ్లలో పిల్లవాడు చాయ్ తాగితే సంబంధం ఇష్టమైనట్టు. దత్తు చెయ్యి అడ్డం పెట్టాడు. గాలి తగిలితే పళ్లు జివ్వుమంటున్నాయి, అందుకని పెదవులు విప్పకుండానే వద్దన్నాడు. గుమ్మం దగ్గర అర్చన కళ్లు వాలిపోయాయి.

వెంట వచ్చిన దత్తు తల్లి గంగవ్వ కంగారుపడి, కొడుకుకు ఉపవాసమని ఒక అబద్ధమాడింది. అర్చన నాయనమ్మ మల్లవ్వ మురిసిపోయి, ఉపవాసానికి మంచిదని పసుపు పాలు తెచ్చింది. దత్తు వాటినీ తోసేశాడు.

"పాలు గూడ ముట్టవా బిడ్డా? మా ఇల్లు గంత చేదా?" అంది ముసలామె.

అర్చన తండ్రి రామకిషన్ ముఖం గట్టిపడింది. అర్చన లోపలికి తిరిగింది. ఇక దాచి లాభం లేదని దత్తు నోరు తెరిచి ఉన్నదంతా చెప్పేశాడు. ఒక్కరూ వినలేదు. అందరూ చూస్తున్నారు.

మొగవాళ్లందరి పళ్లూ ఇటుక రంగులో ఉండే ఆ కాలనీలో అంత తెలుపు ఎవరూ ఎరుగరు. పక్కింటి వాళ్లొచ్చారు, వాళ్ల వెనక ఎదురింటి వాళ్లొచ్చారు. చెప్పులు బయట విడిచి, గర్భగుడి ముందు నిలబడ్డట్టు గప్‌చిప్‌గా నిలబడ్డారు. ఒకాయన చేతులు కూడా జోడించాడు.

మల్లవ్వ దగ్గరికొచ్చి తేరిపార చూసింది. "పండ్ల సెట్టు మస్తుంది బిడ్డా. మా ఆయనది గింత మంచిగ లేకుండె. జర తీసి చూపియ్."

కట్టుడు పళ్లంటే వయసు దాచినట్టే. అసలు పిలగానికి ఎన్నేండ్లని రామకిషన్ నిలదీశాడు. గంగవ్వ ఎన్ని ఒట్లు పెట్టినా ఆయన నమ్మలేదు. చొక్కా జేబులోంచి ఒక నిండు వక్క తీసి దత్తు ముందు పెట్టాడు.

"సొంత పండ్లయితే గిది కొరుకు."

ఏడు నెలల తర్వాత ఆ వాసన ముక్కుకు తగిలింది. దత్తు చెయ్యి దానంతటదే లేచింది. ఒక్క కొరుకుతో అనుమానం తీరుతుంది, అర్చన దక్కుతుంది. చెయ్యి వక్క దాకా పోయి ఆగింది.

"కొరకను కాకా. నేను మానిన. సంబంధం పోతే పోనీయ్."

అర్చన నడి గదిలోకి వచ్చింది. ఆమె చూపు దత్తు మీద లేదు.

"బాపూ, ఉగాది నాడు నా మీద ఒట్టేసి ఖర్రా మానిన అన్నవు. నీ జేబుల వక్కెట్లొచ్చింది?"

రామకిషన్ పైనున్న ఫ్యాను వైపు చూశాడు. మల్లవ్వ లేచి కొడుకు రెండో జేబులో చెయ్యి పెట్టింది. నలిపి సిద్ధంగా ఉన్న ఖర్రా పొట్లం బయటికొచ్చింది.

"మీరు కూసోండ్రి," అంది అర్చన దత్తుతో. "పాలు తెస్త. పసుపు లేకుంట."

దత్తు గ్లాసు ఖాళీ చేశాడు. పెళ్లి ముహూర్తం ఆడవాళ్లే మాట్లాడుకున్నారు. పెళ్లికూతురి తండ్రికి మాత్రం సోమవారం పొద్దున పళ్ల డాక్టరు దగ్గర నంబరు రాయించారు.