రంగప్ప గారి లా క్యాంపు

"రాజ్యాంగాన్ని కాపాడటమే నా ధ్యేయం. కాపాడే ముందు ఒకసారి చదివి చూద్దామని నిర్ణయించుకున్నాను" అని రంగప్ప గారు పుంగనూరులో విలేకరులను పిలిచి ప్రకటించారు. ఎం.ఎల్.ఏ. టికెట్ రెండుసార్లు చేతిదాకా వచ్చి జారిపోయిన నాయకుడాయన. ఓడిపోయే అవకాశం కూడా ఇవ్వని పార్టీ మీద అలగకుండా, యాభై దాటిన వయసులో మదనపల్లెలో ఓ లా కాలేజీలో చేరారంటే ఆ సహనాన్ని మెచ్చుకోవాలి. మొదటిరోజు సుమోల వరుసతో వచ్చారు. దిగినవాళ్ళలో చదువుకునేది ఆయనొక్కరే, మిగతావాళ్ళు జిందాబాద్ కొట్టడానికి వచ్చారు.

ఆయన కూర్చున్న బెంచీలోనే మునిరత్నం కూర్చున్నాడు. గుడుపల్లె వాడు. వాళ్ళమ్మ మునెమ్మ మల్బరీ తోటల్లో ఆకు కోసే కూలికి పోతుంది. "నువ్వు నల్లకోటు ఏసుకున్న దినమే నేను కూలి మానేస్తా నాయనా" అని చెప్పి పంపింది. అంటే వీడికి ఒక ఏడాది పోతే ఆమెకు ఇంకో ఏడాది కూలి. ఆ సంగతి వాడికి బాగా తెలుసు. తెలిసి కూడా ఏం చేశాడో చూడండి.

లెక్చరర్ గారు అందరినీ ఒకరికొకరు పరిచయం చేసుకోమన్నారు. రంగప్ప గారికి పేర్లతో పనిలేదు.

"యా ఊరప్పా నీది?"

"గుడుపల్లె అన్నా."

"మీ ఇంట్లో ఓట్లెన్ని?"

"రెండు. నాది, మాయమ్మది."

"సాలు! ఈ దినం నుంచి నువ్వు నా తమ్ముడివి" అని భుజం మీద చెయ్యేశారు. తెలిసిన మొహం ఒక్కటీ లేని ఊళ్ళో భుజం మీద చెయ్యి పడితే ఎవడికైనా ప్రాణం లేచొస్తుంది. మునిరత్నం ఆ క్షణమే ఆయన మనిషైపోయాడు.

వారం తిరిగింది. "హాజరు పుస్తకం ఆఫీసు నుంచి తెచ్చిచ్చేదానికి ఒకరు కావాల. క్లాస్ రెప్రజెంటేటివ్ అంటారు" అన్నారు లెక్చరర్. సదుం నుంచి రోజూ బస్సులో వచ్చే కౌసల్య లేచి "నేను తెస్తాను సార్" అంది. అంతటితో అయిపోవలసిన పని. రంగప్ప గారు లేచారు.

"అధ్యక్షా! ఏకగ్రీవం ప్రజాస్వామ్యానికి గొడ్డలిపెట్టు. ఎన్నిక జరగాల!"

అధ్యక్షుడెవరో తెలియక లెక్చరర్ వెనక్కి తిరిగి చూసుకున్నారు. చివరికి ప్రిన్సిపాల్‌ను అడిగి తేదీ చెబుతానని బయటపడ్డారు.

ఎన్నికన్నాక క్యాంపు ఉండాలి. ఆ సాయంత్రమే కాలేజీ ముందు బస్సు ఆగింది. కుప్పంలో కల్యాణ మండపం సిద్ధం. కౌసల్య తప్ప క్లాసంతా ఎక్కింది.

"పాఠాలు యాల పోగొట్టుకుంటావన్నా?" అని ఆ పిల్ల మునిరత్నాన్ని అడిగింది.

"అందురూ పోతాంటే నేనొక్కణ్ణి మిగిలిపోతే ఏం బాగుంటాదమ్మా? రెండు దినాల్లో వచ్చేస్తాం" అని వాడూ ఎక్కేశాడు.

క్యాంపు ఏర్పాట్లలో లోటన్నది లేదు. మధ్యాహ్నం సంగటి, కోడి పులుసు. మధ్యలో పేకాట. గేటుకు మాత్రం తాళం. "తేదీ తేలేదాకా మనుషుల్ని వదలగూడదు. వదిలితే అవతలోళ్ళు ఎత్తుకపోతారు" అన్నది రంగప్ప గారి అనుభవసారం. అవతలోళ్ళంటే కౌసల్య. ఆమె ఆ టైముకు సదుం బస్సులో నిలబడి కాంట్రాక్ట్ చట్టం చదువుకుంటూ ఉండేది.

తేదీ మాత్రం తేలలేదు. పిల్లలు క్లాసుకొస్తే తేదీ పెడతానని ప్రిన్సిపాల్ కబురు. తేదీ పెడితే పిల్లల్ని పంపుతానని రంగప్ప గారి జవాబు. ఇద్దరూ సూత్రానికి కట్టుబడినవాళ్ళు కాబట్టి రెండు నెలలు గడిచాయి.

ఒకరోజు మునెమ్మ గేటు దగ్గరికొచ్చింది. గుడుపల్లెకు కుప్పం ఎంత దూరం? ఎవరో చెప్పారట.

"మదనపల్లెలో సదవతాండానంటివే! ఈడేం జేస్తాండావురా?"

మునిరత్నం చేతిలో పేకముక్కలు వెనక్కి దాచుకున్నాడు. రంగప్ప గారే ముందుకొచ్చి చేతులు జోడించారు.

"ప్రాక్టికల్సు జరగతాండాయమ్మా."

"మావోడు బాగా జేస్తాండాడా సామీ?"

"మీవోడే ఫస్టు!"

ఆమె మొహం చేటంత చేసుకుని వెళ్ళిపోయింది. కన్నతల్లికి అంత ఆనందం ఇచ్చిన నాయకుణ్ణి పొగడాలా వద్దా!

సెమిస్టర్ పరీక్షలు నెత్తికొచ్చాక ప్రిన్సిపాల్ దిగొచ్చి తేదీ పెట్టారు. పలక డప్పులు కొట్టుకుంటూ, మెడలో దండలతో అందరూ ఎక్కిన బస్సు, దాని వెనక సుమోలు నేరుగా కాలేజీలోకి వచ్చాయి. ప్రిన్సిపాల్ వరండాలో నిలబడి నిబంధన చదివారు. డెబ్భై ఐదు శాతం హాజరు ఉన్నవాళ్ళకే ఓటు.

డప్పులు ఆగిపోయాయి. కౌసల్య ఒక్కతే లోపలికి పోయి, తన ఓటు తనకే వేసుకుని, నూటికి నూరు శాతం మెజారిటీతో గెలిచి, హాజరు పుస్తకం తేవడానికి ఆఫీసుకు వెళ్ళిపోయింది.

రంగప్ప గారు చెక్కు చెదరలేదు. మెడలోని దండ తీసి, తిరిగొస్తున్న ఆమె మెడలో వేసి, "క్లాసు అభివృద్ధి కోసం నేను, నా అనుచరులందరం బేషరతుగా చెల్లెమ్మ వర్గంలో చేరతాండాం" అని ప్రకటించారు. ఫోటోగ్రాఫర్‌ను ముందే పిలిపించి ఉన్నందువల్ల ఫోటో బాగా వచ్చింది.

ఆ సందడిలో ప్రిన్సిపాల్ చెప్పిన రెండో మాట మునిరత్నం ఒక్కడి చెవినే పడింది. ఆ హాజరు లేనివాళ్ళకు పరీక్షా లేదు. మళ్ళీ మొదటి నుంచి చేరాల్సిందే.

వాడు పోయి రంగప్ప గారి సుమో తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"అన్నా, ఏడాది పాయ గదన్నా! మాయమ్మకు ఏమని సెప్పల్ల?"

"దానికేముండాది తమ్ముడూ? వచ్చే ఏడు తప్పకుండా అని సెప్పు. ఇరవై ఏండ్లుగా జనానికి నేను అదే గదా సెప్తాండా! ఒక్కరన్నా ఏమన్నా అన్నారా?"

సుమోలు పుంగనూరు దారి పట్టాయి. మర్నాడు మునిరత్నం గుడుపల్లె చేరి, అక్షరం పొల్లుపోకుండా అదే చెప్పాడు.

రంగప్ప గారి అనుభవం గొప్పది. మునెమ్మ ఒక్క మాటా అనలేదు. గంప నెత్తిన పెట్టుకుని మల్బరీ తోటకు పోయింది.