ధనుంజయ పెనుకొండ మొక్కు

ఆదివారానికి ధనుంజయ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున ఏడు గంటల ప్యాసింజరులో ధర్మవరం నుంచి పెనుకొండ పోవాలి, సాయంత్రం తిరిగి రావాలి, నడుమ జరిగింది ఇంట్లో ఎవరికీ తెలియకూడదు. ముప్పై నాలుగేళ్ళు రైల్వే స్టేషన్‌లో టిక్కెట్లు కోసినవాడికి ఇంతకంటే తేలికైన ప్రయాణం ఉండదు. అయినా తెల్లవారకముందే మెలకువ వచ్చింది. గోడ గడియారం వంక చూస్తూ పడుకున్నాడు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కిటికీ అవతల రోజుకు వెయ్యి మంది నిలబడి ఆయనతో మాట్లాడేవారు. రిటైరైన ఈ రెండేళ్ళలో ఆయనతో విసుక్కోకుండా మాట్లాడింది టీవీ ఒక్కటే. వీధిలో ఇంటింటా మగ్గాలు. పగలంతా అందరూ పనిలో ఉంటారు, సాయంత్రమైతే భజనలో ఉంటారు. ధనుంజయకు దేవుడి మీద నమ్మకం లేదు. లేదని పైకి చెప్పే ధైర్యమూ లేదు. కాబట్టి లోపల కూర్చుని భజన చేయలేడు, బయట కూర్చుందామంటే తోడు లేదు.

కిందటి నెల చింతపండు కోసం హిందూపురం పోయినప్పుడు మార్కెట్టు పక్కన ‘మానవవాద మిత్రమండలి’ వాళ్ళ రక్తదాన శిబిరం కనబడింది. బి.పి. ఎక్కువుందని ఆయన రక్తం తీసుకోలేదు గాని, కుర్చీ వేసి టీ ఇచ్చారు. కూర్చున్నవాడు మూడు గంటలు లేవలేదు. దేవుడు, దయ్యాలు, చదరంగం, రాని వానలు, అన్నీ మాట్లాడాడు. వాళ్ళు విన్నారు, ఎదురు వాదించారు, నవ్వారు. తిరిగి బస్సెక్కాక ఆయనకు ఎందుకో ఏడుపు వచ్చింది.

మండలి అధ్యక్షురాలు సుధారాణి రిటైరైన సైన్సు టీచరు. శుక్రవారం ఆమె ఫోన్ చేసింది. ఆదివారం పెనుకొండ కొండ కింద అందరూ కుటుంబాలతో కలుస్తున్నారట, కొత్త సభ్యులను ఆ రోజే చేర్చుకుంటారట.

"మాకు ఒకటే నియమం, ధనుంజయ గారూ. ఇంట్లో ఒక మాట, ఈడ ఒక మాట కుదరదు. ఇంట్లో దాచిపెట్టి వచ్చేవాళ్ళను చేర్చుకోము. మీ ఇంట్లో తెలుసు కదా?"

"తెలియకేం మేడమ్! మా ఆమె నాకంటే పెద్ద హేతువాది," అనేశాడు ధనుంజయ.

ఫోన్ పెట్టిన మరుక్షణం ఆ పెద్ద హేతువాది హారతి పళ్ళెంతో పూజగదిలోంచి బయటికొచ్చింది.

"యాడికి పోతావంట ఆదివారం?" అంది హేమావతి.

"పెనుకొండకు," అన్నాడు. అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు. "కొండమీద నరసింహస్వామికి మొక్కుండాది నాకు."

హేమావతి హారతి పళ్ళెం బల్ల మీద పెట్టి ఆయన ముఖం వంక చూసింది. ఆమె ఇంకేమీ అడగలేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె ఏమీ అడగకుండా ఊరుకోవడం అదే మొదటిసారి. ధనుంజయ మాత్రం గండం గడిచిందనుకుని హాయిగా టీవీ పెట్టుకున్నాడు.

ఆదివారం ఆరు గంటలకు తలుపు చప్పుడైంది. ఎదురింటి రుక్మిణమ్మ టెంకాయతో నిలబడి ఉంది. ఎవరైనా క్షేత్రానికి బయలుదేరితే పోలేనివాళ్ళు తమ టెంకాయ, తమ ముడుపు పోయేవాడి చేతికివ్వడం ఆ వీధి ఆచారం. పుచ్చుకునేవాడు కాదనకూడదు. ఆరున్నరకల్లా తొమ్మిది టెంకాయలు, నాలుగు ముడుపు మూటలు, ఒక సీసా దీపం నూనె పోగయ్యాయి. ధనుంజయ వాటిని రైలు సంచిలో కుక్కుతూ చెమటలు కారుస్తుంటే రుక్మిణమ్మ కొంగు బిగించింది.

"నేనూ వస్తా నీతో."

"నీకెందుకు పెద్దమ్మా శ్రమ? ఆ మోకాళ్ళతో కొండ యాడెక్కుతావు?"

"ఇప్పుడు నా మోకాళ్ళ సంగతి కాదు నాయనా," అంటూ ఆమె ఆయన తల నిమిరింది.

వెనక్కి తిరిగి చూస్తే హేమావతి పట్టుచీరలో ఉంది. ఆమె వెనక పక్కింటి తనూజ ఉంది. తనూజ వెనక వీధిలోని ఆడవాళ్ళు ఇంకో ఏడుగురు ఉన్నారు.

"రైల్లో ఇంతమందిమి యాడ కూర్చుంటాము? నరేష్ టెంపో మాట్లాడినా, పదా," అంది హేమావతి.

టెంపోలో ముందు సీటు ధనుంజయకు ఇచ్చారు. వీపు వెనక దిండు పెట్టారు. కాఫీ అడిగితే, "వద్దులే అన్నా, పాలు తాగు," అని తనూజ ఫ్లాస్కు మూత తిప్పింది. భక్తుడికి ఇంత మర్యాద ఉంటుందని ధనుంజయకు ఇన్నాళ్ళూ తెలియదు. అంత మంచివాళ్ళను మోసం చేస్తున్నానని ఆ పాలు తాగకుండానే తిరిగి ఇచ్చేశాడు.

చెన్నేకొత్తపల్లి దాటగానే ఫోన్ మోగింది. సుధారాణి.

"బయలుదేరినారా, ధనుంజయ గారూ? మీ ఆమె కూడా వస్తాండారా?"

"ఆఁ... వస్తాండాది," అన్నాడు గొంతు తగ్గించి.

"ఎవురయ్యా?" అంది వెనక నుంచి హేమావతి.

"పూజారి."

"ఆడగొంతు వినపడతాండాదే?"

"పూజారి భార్య."

హేమావతి వంగి ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "నమస్కారమమ్మా. ధర్మవరం నుంచి పదకొండు మందిమి వస్తాండాము. మా ఆయన తప్ప అందరూ ఆడోళ్ళే. ఆయన పేరు మీద చేసేదంతా మీరే దగ్గరుండి జరిపించల్ల."

"పదకొండు మందా!" అవతల గొంతు సంతోషంతో టెంపో అంతా వినబడింది. "ఆ మాట ఆయన చెప్పనే లేదే! తప్పకుండా జరిపిస్తామమ్మా, బ్రహ్మాండంగా జరిపిస్తాము!"

"పూజారి భార్య చానా మంచి మనిషి," అంటూ హేమావతి ఫోన్ తిరిగి ఇచ్చింది.

పది నిమిషాల తరువాత వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. పెద్ద అట్ట మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసి ఉంది: ‘మానవవాద మిత్రమండలి ధర్మవరం శాఖ ప్రారంభం. అధ్యక్షులు: శ్రీ ధనుంజయ.’ కింద సుధారాణి మాటలు: ‘వీధి మొత్తాన్ని మార్చిన మీరు మాకు ఆదర్శం.’ ధనుంజయ ఫోన్ జేబులో కుక్కేశాడు. టెంపో టైరు పేలిపోతే బాగుండునని గట్టిగా ప్రార్థించాలనిపించింది. ఎవరిని ప్రార్థించాలో తెలియక ఊరుకున్నాడు.

టైరు పేలలేదు. నరేష్ చెప్పిన టైముకంటే పావుగంట ముందే చేర్చాడు.

కొండ కింద చింతచెట్ల నీడన చాపలు పరిచి ఇరవై మంది ఉన్నారు. టెంపో ఆగగానే అందరూ లేచి చప్పట్లు కొట్టారు. హిందూపురంలో జిరాక్సు అంగడి పెట్టుకున్న కార్యదర్శి గంగాధర వచ్చినవాళ్ళ చేతుల్లో ఒక్కొక్క జామమొక్క పెట్టాడు. రుక్మిణమ్మ దాన్ని కళ్ళకద్దుకుంది. ఎవరూ నోరు విప్పకముందే ధనుంజయ ఆడవాళ్ళను తరుముకుంటూ పోయి చిత్రాన్నం ముందు కూర్చోబెట్టాడు. నోట్లో ముద్ద ఉంటే మాట రాదని ఆయన ఆశ.

"ఎంత బాగా పెడతాండారు అన్నదానం," అంది తనూజ.

పక్కనే ఒక డాక్టరు బల్ల వేసుకుని బి.పి. చూస్తున్నాడు. పదిమంది ఆడవాళ్ళూ ఒక్క గొంతుతో, "ముందు ఈయనకు చూడు సారూ," అన్నారు. డాక్టరు చూశాడు. మళ్ళీ చూశాడు.

"దేనికైనా ఆందోళన పడుతున్నారా?"

"లేదు సార్," అన్నాడు ధనుంజయ, మైకు వైపు పోతున్న గంగాధరను చూస్తూ.

హేమావతి కళ్ళొత్తుకుంది. ధనుంజయ పట్టీ విప్పుకుని గంగాధర దగ్గరికి పరుగెత్తాడు. ఉపన్యాసాలు వద్దప్పా, ముందు ఆటలు ఆడిద్దామప్పా అని బతిమాలాడు. గంగాధర అది వినయమనుకుని భుజం తట్టి మైకు ఆన్ చేశాడు.

"ధనుంజయ గారు మాట్లాడనంటాండారు. సరే, ఆయన భార్య, ఆయనకంటే పెద్ద హేతువాది, హేమావతమ్మ గారు రెండు మాటలు చెప్తారు."

హేమావతి మైకు అందుకుంది. "పెద్ద ఏమంటిరో నాకు తెలీదు. మాట్లాడేది కూడా రాదు నాకు. మా ఆయన పేరు మీద ఇంతమంది చేరినారు, మీకు పుణ్యముంటాది. ముప్పై ఏండ్లుగా గుడి మెట్టు ఎక్కని మనిషి మొన్న నాకు మొక్కుండాది అనె. ఆ నరసింహస్వామి ఈయన్ని సల్లగా..." మాట పూర్తి చేయకుండానే ఆమె మైకు గంగాధర చేతిలో పెట్టేసింది.

సుధారాణి నెమ్మదిగా ధనుంజయ వైపు తిరిగింది. పరీక్షలో చీటీ దొరికినప్పుడు టీచర్లు చూసే చూపు అది.

ధనుంజయ లేచి నిలబడ్డాడు. పారిపోవాలంటే టెంపో తాళాలు నరేష్ దగ్గర ఉన్నాయి, నరేష్ చిత్రాన్నం దగ్గర ఉన్నాడు.

"నాకు మొక్కు లేదు, ఏమీ లేదు," అన్నాడు. "హేమా, నీకు అబద్ధం చెప్తి. మేడమ్, మీకూ అబద్ధం చెప్తి. నాకు దేవుడంటే నమ్మకం లేదు. ఇంట్లో చెప్తే వీధి నన్ను వెలేస్తాదని భయం. ఇంట్లో చెప్పలేదంటే మీరు చేర్చుకోరని భయం. నాకు మాట్లాడేకి మనుషులు లేరు మేడమ్. అది తట్టుకోలేకపోతాండా. అంతే."

హేమావతి ఆయన ముఖంలోకి చూసింది.

"అంటే... నీకు రోగమేమీ లేదా?"

"రోగమా? ఏం రోగం?"

చాప మీంచి రుక్మిణమ్మ గట్టిగా అందుకుంది. "ఓరి నీ పాసుగుల! నువ్వు సామిని నమ్మవని వీధిలో మేకలకు కూడా తెలుసు కదరా! భజనోళ్ళు హారతి తెస్తే నువ్వు చెప్పులు ఎతుక్కుంటావు. అట్లాంటోడు మొక్కుండాది అంటే ఏమనుకోవల్ల? డాక్టర్లు చేతులెత్తేసినారు, పెండ్లానికి చెప్పలేక దాస్తాండాడు అనుకుంటిమి. ఒక్కణ్ణే పంపితే యాడ పడిపోతాడో అని మగ్గాలు ఆపి వస్తిమి!"

ఆ వీధిలో చావుకో పెళ్ళికో తప్ప మగ్గం ఆపరు. తనకు ఎవరూ లేరని రెండేళ్ళుగా టీవీ ముందు కూర్చుని ఏడ్చిన మనిషి కోసం తొమ్మిది ఇళ్ళలో మగ్గాలు ఆగాయి. సిగ్గూ సంతోషమూ ఒకేసారి ముంచుకొచ్చి ఆయన అక్కడే చాప మీద కూలబడ్డాడు. డాక్టరు మళ్ళీ పట్టీ తీసుకుని వచ్చాడు.

సుధారాణి గంగాధరతో కాసేపు గుసగుసలాడి వచ్చింది. "నియమం నియమమే, ధనుంజయ గారూ. ఇప్పుడు చేర్చుకోలేము. ఆరు నెలలు చూస్తాము. ‘ఈ నెల మా ఆయన అబద్ధం చెప్పలేదు’ అని మీ ఆమె సంతకంతో నెలకొక కాగితం పంపల్ల."

ఆ లోపల హేమావతి డాక్టరు బల్ల చుట్టూ తిరిగి చూస్తోంది. "మేడమ్, ఈ బి.పి. చూసేది, రక్తమిచ్చేది మా వీధిలో పెడతారా? మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని అందరికీ నడుములు పోయినాయి. అయితే ఒక మాట, మేము సామిని ఇడిసిపెట్టేది లేదు."

"వదలద్దమ్మా. ఉన్నది ఉన్నట్టు చెప్పినారు, నాకు అది చాలు," అంది సుధారాణి. గంగాధర అట్ట మీద ‘శ్రీ ధనుంజయ’ కొట్టేసి ‘శ్రీమతి హేమావతి’ అని రాశాడు.

మధ్యాహ్నానికి ఆడవాళ్ళు కుర్చీలాటలో మునిగిపోయారు. కొండెక్కుదామంటే ఒక్కరూ లేవలేదు. "టెంకాయలు పుచ్చుకున్నది నువ్వు. నువ్వే ఇచ్చిరా పో," అంది రుక్మిణమ్మ, కుర్చీ వదలకుండా. ధనుంజయ సంచి భుజాన వేసుకుని ఎండలో ఎక్కాడు. పూజారికి సంచి అప్పగించాడు, స్తంభానికి ఆనుకుని ఆయాసం తీర్చుకున్నాడు, నీళ్ళు తాగి దిగాడు. ఆయన గుడిలో చేసింది అంతే.

సాయంత్రం టెంపో కదిలాక రుక్మిణమ్మ వెనక నుంచి ఆయన భుజం పట్టుకుంది.

"సామికి మొక్కుకుంటివా నాయనా?"

ధనుంజయ వెనక్కి తిరిగాడు. పదిమంది ఆడవాళ్ళు, పొద్దుటి నుంచి తన కోసం అలసిపోయినవాళ్ళు, ఆశగా తనవైపే చూస్తున్నారు.

"మొక్కుకుంటి పెద్దమ్మా. మన వీధంతా సల్లగా ఉండల్లని."

అందరి ముఖాలూ విప్పారాయి. హేమావతి ఒక్కతే ఆయనవైపు ఓరగా చూసి, కిటికీలోంచి బయటికి ముఖం తిప్పుకుంది.

మొదటి నెల కాగితం మీద ఆమె ఇంతవరకు సంతకం పెట్టలేదు.