బోగీ భద్రతా సంఘం విజయాలు

దూరప్రయాణపు రైళ్లలో భద్రత లేదని ఇకపై ఎవరూ అనరాదు. భిలాయి నుంచి విశాఖ వెళ్లే రైల్లో, మా బోగీ మట్టుకు, ఆ సమస్య సంపూర్ణంగా పరిష్కారమైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను.

కారణం రాజాబాబు. భిలాయి పక్కనున్న జాముల్‌లో కాంట్రాక్టరు. బండి కదిలిన దగ్గర్నుంచీ తన ఫోనులోని డాన్సు వీడియోలను బోగీ అంతటికీ వినిపించాడు. వద్దన్నవాళ్ల మీదికి లేచాడు. ఉక్కు కర్మాగారంలో భద్రతాధికారిగా రిటైరైన సూర్యారావుగారు ఊరుకుంటారా? అక్కడికక్కడే ప్రయాణికుల భద్రతా సంఘం స్థాపించి, అధ్యక్షులై, షిఫ్టుకు ముందు చేయించినట్టే అందరిచేతా కుడిచెయ్యి చాపించి ప్రతిజ్ఞ చేయించారు. గొంతు పెద్దది గనుక రాజాబాబునే కార్యదర్శిని చేశారు. అతను వీడియోలు ఆపి ఉపన్యాసం మొదలుపెట్టాడు. వీడియోలే నయమని గొణిగినవారిని అల్లరిమూకగా గుర్తించాం.

సమావేశం గున్నమ్మగారి కింది బెర్తు మీద జరిగింది. మోకాలి ఆపరేషనై, విజయనగరంలో చెల్లెలింటికి వెళుతున్న ఆ పెద్దావిడ కర్ర పట్టుకుని నడవలో నిలబడింది.

"నా సీటు మీద కూకుని నా భద్రతేటి నాయినా మాటాడతారు? లెగండి, కాలు పీకేస్తంది."

"సేఫ్టీ మీటింగ్ నడుస్తోంది పిన్నీ, థోడా ఆగండి" అన్నారు సూర్యారావుగారు. అప్పుడాయన వృద్ధ మహిళల సౌకర్యం గురించే మాట్లాడుతున్నారు. నాకైతే కళ్లు చెమర్చాయి.

అంతలో బండి కుదిపింది. ఆవిడ తూలి అధ్యక్షులవారి టీ ఒలకబోసింది. తక్షణం విచారణ జరిపాం. నడవలో మనిషి నిలబడటమే ప్రమాదానికి కారణమని తేలింది. ఖాళీగా ఉన్నది పై బెర్తు ఒక్కటే. ఆవిడను అక్కడికి ఎక్కించాలని తీర్మానించాం.

మాలాంటి కర్మాగారం మనుషులకు బరువులెత్తడం ఎవరూ నేర్పనక్కర్లేదు. సూర్యారావుగారు క్రేనుకు చూపించినట్టు చేతులతో సైగలు చేశారు. "ధీరే, ధీరే... బస్!"

"ఓలమ్మో, నన్నొగ్గీండ్రా!" అని ఆవిడ పెట్టిన కేకలను ఇబ్బందికర ప్రవర్తనగా సంఘం గుర్తించి, వయసును బట్టి క్షమించింది. అందరం చప్పట్లు కొట్టాం. అధ్యక్షులవారు అలసిపోయి ఆవిడ బెర్తు మీదే నిద్రపోయారు.

విజయనగరం వచ్చింది. ప్లాట్‌ఫారం మీద చెల్లెలు కిటికీలన్నిటిలోకీ తొంగిచూసింది. పై బెర్తుకు కిటికీ ఉండదు కదా. "దింపండి బాబూ" అని గున్నమ్మగారు ఏడ్చింది. ఎక్కించాలని తీర్మానం ఉంది గాని, దించాలని లేదు. కొత్త తీర్మానానికి అధ్యక్షులవారిని లేపాలి. నిద్రపోతున్న ప్రయాణికుణ్ణి లేపడం మా ప్రతిజ్ఞకు విరుద్ధం. బండి కదిలింది.

మీరు నవ్వుతున్నారు, మా బోగీలో లేరు గనుక. ఉండి ఉంటే ఆవిడ ఎడమకాలు మీరే పట్టుకునేవారు. కుడికాలు నేను పట్టుకున్నాను.