పందిపిల్లకు జరిగే మర్యాద

భోజనాల బల్ల దగ్గర పంది పెంట గురించి మాట్లాడుకోని ఇల్లు కూడా ఒక ఇల్లేనా? గట్టిగా ఉందా, పలచగా ఉందా, రంగు మారిందా అనే చర్చ లేకుండా ముద్ద గొంతు ఎలా దిగుతుంది?

మాది డెన్మార్కులో జట్లాండ్. మా ఆవిడ సిసెల్ ఇక్కడి పందుల పరిశోధన కేంద్రంలో సైంటిస్టు. పందిపిల్ల కడుపే ఆవిడ లోకం. ఆ కడుపు చల్లగా ఉంటే మా కాపురమూ చల్లగా ఉంటుంది.

గిట్టనివాళ్లు ఈ పరిశోధనలన్నీ దండగ అంటారు. సంసారులకు ఇబ్బంది అని కూడా అంటారు. ఏం ఇబ్బంది? సిసెల్ రోజూ స్నానం చేసి, వాళ్లిచ్చిన బట్టలు కట్టుకుని మరీ కొట్టంలోకి వెళ్లాలి. బయటికొచ్చాక కాదండీ, వెళ్లే ముందు! మన రోగాలు పందులకి అంటకూడదట! మా ఊరి పాత మేయరు కొట్టం చూద్దామని దర్జాగా వచ్చి, ఆ షవరు కింద నూలుపోగు లేకుండా నిలబడ్డాడు. మనిషి అహంకారానికి ఇంతకన్నా మందుందా?

నాకు కడుపు ఉబ్బరంగా ఉందంటే చాలు, మా ఆవిడ కళ్లు మెరుస్తాయి. ఏ మొగుడికి దక్కుతుందండీ ఈ శ్రద్ధ?

"పీచు తగ్గింది నీకు. మా ఆడపందులు నయం, పెట్టింది తింటాయి" అంటూ బార్లీ గంజి నా ముందుకు తోస్తుంది. నేను తింటాను. పందికి లోకువ కాకూడదు కదా!

ఇంతకీ సిసెల్ చూసేది అప్పుడే తల్లిపాలు మాన్పించిన పిల్లల్ని. వాటికి అది గండం. తల్లి కనపడదు, తిండి సయించదు, కడుపు పాడవుతుంది. కొన్ని పోతాయి కూడా. అందుకని ఆ కొట్టంలో ఏళ్ల తరబడి తలలు పగలగొట్టుకుని ఒక పద్ధతి పెట్టుకున్నారు. చోటు, తిండి, తోడు, ఈ మూడూ ఒకేసారి మార్చకూడదు. తోబుట్టువుల్ని విడదీయకూడదు. పైన వెచ్చగా దీపం ఉండాలి, కెలుక్కోవడానికి గడ్డి ఉండాలి.

కీచుమని అరిచే పిల్లతో భయం లేదట. తోక వేలాడేసి, మూల చేరి, నోరు మూసుకుని నిలబడేదే భయపెట్టేది. దాని వీపు మీద నీలి మైనపు సుద్దతో ఒక గీత గీస్తారు. ఆ రోజు కొట్టంలో ఎవరు అడుగుపెట్టినా ముందు గీత ఉన్నదాన్ని పలకరించి, తిన్నదో లేదో చూసి, ఆ తర్వాతే మిగతా పని. ఏం భోగమండీ! పుట్టినందుకు అలా పుట్టాలి.

ఇక మా పిల్లాడు ఓలుఫ్ సంగతి. వాడికింకా ఏడాది నిండలేదు. సిసెల్ ప్రసూతి సెలవు అయిపోవడంతో ఊళ్లో క్రెష్‌లో చేర్చాం. మా దేశంలో మంచు పడుతున్నా పసివాళ్లని బండిలో పడుకోబెట్టి ఆరుబయటే నిద్రపుచ్చుతాం. దీపాలూ గీపాలూ పందులకే! దానికి కూడా మావాడు ఏమీ అనలేదు. టోవె అనే ఆయా ఒళ్లో కూర్చుని, ఆవిడ పెడితే తినేవాడు. పొద్దున నేను వదిలి వస్తుంటే పైకప్పు ఎగిరిపోయేలా ఏడ్చి, నేను గేటు దాటకముందే నవ్వేవాడు.

అలా ఉండగా క్రెష్‌కి మంచి రోజులొచ్చాయి. మునిసిపాలిటీవారు పొదుపు పేరుతో రెండు గదుల్ని ఒకటి చేశారు. వంట మానేసి ఎక్కడినుంచో డబ్బాల్లో తిండి తెప్పించారు. టోవెని ఊరవతల ఇంకో క్రెష్‌కి పంపారు. అన్నీ ఒకే సోమవారం! ప్రభుత్వం పని నత్తనడక అనేవాళ్లు ఎక్కడున్నారో రమ్మనండి!

ఓలుఫ్ తినడం తగ్గించాడు, తర్వాత దాదాపు మానేశాడు. సాయంత్రం ఇంటికి తెస్తే మంచుకోటుతోనే నడవలో చతికిలబడి గోడ చూస్తుండేవాడు. ఎత్తుకోమని చేతులు చాపేవాడు కాదు. ఇల్లు ప్రశాంతంగా ఉందని నేను పేపరు తిరగేసుకున్నాను.

క్రెష్ పెద్దావిడ బొడిల్ కూడా సంబరంగా చెప్పింది. "బంగారు కొండ అండీ! కిమ్మనడు. ఓ మూల కూర్చుంటాడు, వాడి మానాన వాడుంటాడు. ఇంత బుద్ధిమంతుణ్ణి నేను చూళ్లేదు."

నేను పొంగిపోయాను. సిసెల్ మొహం పాలిపోయింది.

"కిమ్మనడా?" అంది.

"అస్సలు!"

మర్నాడు పొద్దున సిసెల్ నాతోపాటు క్రెష్‌కి వచ్చింది. "చోటు, తిండి, తోడు ఒకేసారి మార్చకూడదండీ. మేమైతే అలా చెయ్యం" అంది బొడిల్‌తో.

"మేమంటే?"

"పందుల దగ్గర."

బొడిల్ నవ్వేసింది. "అమ్మా, వీళ్లు పసిపిల్లలు!"

"అందుకేగా అడుగుతున్నా. పసిపిల్లలకి మీ దగ్గర ఏం పద్ధతుంది?"

బొడిల్ గోడ చూపించింది. 'ఆనందం, ఆత్మీయత, ఎదుగుదల' అని రంగురంగుల అక్షరాలు.

"బాగుంది. వాడు తినడం లేదు" అంది సిసెల్.

బొడిల్ నవ్వు ఆగిపోయింది. "నన్నేం చెయ్యమంటావు తల్లీ? ఇంతమందికి ఇద్దరం. ఏడ్చేవాళ్లని ఎత్తుకునేసరికే పొద్దుగూకుతోంది, ఏడవనివాణ్ణి ఎప్పుడెత్తుకోను? మీ పందిపిల్ల తినకపోతే బరువు తగ్గుతుంది, రైతుకి నష్టం, అందరూ పరిగెత్తుకొస్తారు. మీవాణ్ణి తూకానికి కొనేవాడెవడు?" అనేసి నాలిక్కరుచుకుంది.

జట్లాండ్‌లో గొడవపడటం మర్యాద కాదు. కాఫీ తాగి, 'ఫరవాలేదులెండి' అని వెళ్లిపోవాలి. సిసెల్ కూడా గొడవపడలేదు. జేబులో చెయ్యి పెట్టింది. ఆఫీసు బీరువాలోంచి తెచ్చుకున్న కొత్త నీలి సుద్ద తగిలింది. చేతికి అలవాటైన పని. ఓలుఫ్ కోటు వీపు మీద నిలువునా ఒక గీత గీసేసింది.

పక్కన బిడ్డకి బూట్లు విప్పుతున్న ఒకావిడ వింతగా చూసింది. "అదేంటి?"

"నోరు మూసుకున్నాడని గుర్తు" అంది సిసెల్.

ఆవిడ తన బిడ్డ మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత చెయ్యి చాపింది. "ఆ సుద్ద ఓసారి ఇస్తావా?"

వారం తిరిగేసరికి కొక్కేలకి వేలాడే బుల్లి కోట్లలో గీత లేనిది లేదు. బొడిల్ వాటి ముందు కూలబడింది.

"ఇప్పుడు ముందు ఎవర్ని పలకరించను?" అంది నీరసంగా.

"ఒకదాని మీద గీత ఉంటే ఆ పిల్లని చూస్తామండీ. అన్నిటి మీదా ఉంటే పిల్లల్ని చూడం. కొట్టాన్ని చూస్తాం" అంది సిసెల్.

బొడిల్ మునిసిపాలిటీకి ఫోన్ చేసింది. వచ్చిన అధికారి పందుల రైతు కొడుకే. మా దగ్గర ఇంకెవరు దొరుకుతారు? బొడిల్ పాపం ఏవేవో మాటలు సిద్ధం చేసుకుంది. ఆయన గుమ్మంలోనే ఆగి, కోట్ల వరస చూసి, టోపీ తీసేశాడు. ఆ గీతకి అర్థం ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

టోవె తిరిగొచ్చింది. ప్రస్తుతానికి వసంతం దాకా అన్నారు.

ఆ పొద్దున సిసెల్ ఓలుఫ్‌ని దింపి ఇటు తిరిగిందో లేదో, వాడు ఊరు దద్దరిల్లేలా రాగం అందుకున్నాడు. తోకంటూ ఉంటే చుట్ట చుట్టుకునేదే! సిసెల్ గేటు పట్టుకుని నిలబడిపోయింది. కళ్లలో నీళ్లు, మొహమంతా నవ్వు.

"విన్నావా? అరుస్తున్నాడు!" అంది.

విన్నాను. అంత కమ్మటి అరుపు నేనెన్నడూ వినలేదు. మధ్యాహ్నం గిన్నె ఖాళీ చేశాడని టోవె ఫోన్ చేసి చెప్పింది.

కనుక అయ్యలారా, అమ్మలారా, పందుల మీద పరిశోధన ఇంకా ఇంకా జరగాలి! పసివాళ్ల మీద కూడా అంత శ్రద్ధ పెట్టమని నేను అడగను, నాకంత అత్యాశ లేదు. వసంతం రాగానే మునిసిపాలిటీవారు మళ్లీ పొదుపు మొదలుపెడతారని వింటున్నాను. శుభం! ఇప్పుడు మా వీధిలో ప్రతి ఇంట్లోనూ ఒక నీలి సుద్ద ఉంది.